వదిన చెయ్యి, బటర్ పండు గింజ

ఆ గింజకు వేరు వచ్చింది. నా కళ్ళతో నేనే చూశాను. అయినా ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి అడిగినప్పుడు రాలేదని చెప్పాను. ఆ రోజే పొద్దున నేను చేసిన పని ఇంకొకటి ఉంది. దాన్ని పదేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. ఈనాటికీ మా చుట్టాల పెళ్ళిళ్ళలో భోజనాలయ్యాక, ఆకూవక్కా నములుతూ ఎవరో ఒకరు "మీ వదిన ఏదో దొరల పండు మొలిపిస్తానని మొండికేసింది గదా" అని నవ్వుతారు. నవ్వాల్సింది ఆమెను చూసి కాదు. ఎవరిని చూసి నవ్వాలో సరిగ్గా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ పండును ఇప్పుడు అవకాడో అంటున్నారు. ఒక్కోదానికి తెల్లటి వలతొడుగు తొడిగి పెద్ద కొట్లలో అమ్ముతున్నారు. గుండెకు మంచిదని ఎవరో చెబితే ముఖం చిట్లించుకుంటూ మింగుతున్నారు. డెబ్బైల చివర్లో, తిరుత్తణిలోని మా నేతవీధికి దాని పేరు కూడా తెలియదు. తెచ్చినాయన బటర్ పండు అన్నాడు, మేమూ అదే అన్నాం.

ముందు నా గొప్పతనం గురించి చెప్పాలి. నాన్న పోయాక ఇంట్లో ఉన్న గుంటమగ్గం అన్న చేతికి వచ్చింది. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మోకాళ్ళు లాగుతున్నాయని వంక పెట్టి, నేను తిరువళ్ళూరు బజారులో ఒక ఎరువుల కొట్టులో పనికి కుదిరాను. పొద్దున్నే రైలెక్కి, అరక్కోణంలో మారి వెళ్ళేవాణ్ణి. అక్కడ నా పని బస్తాల మీద దుమ్ము దులపడం, వచ్చిన రైతు అడిగిన బస్తా ఎక్కడుందో చూపించడం. సాయంత్రం తిరుత్తణిలో రైలు దిగేసరికి మాత్రం నేను పైరు డాక్టరును. వీధిలో ఎవరింట్లో కరివేపాకు ముడుచుకున్నా నాకే కబురు. నేను వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఒక ఆకు తిప్పి చూసి, కాసేపు మౌనం పాటించి, "యూరియా" అనేవాణ్ణి. నా వైద్యంలో మందు అదొక్కటే. అమ్మ ప్రాణంగా పెంచుకున్న నిమ్మచెట్టు నా యూరియాకు మూడు రోజుల్లో మాడిపోతే, "దాని ఆయుష్షు అంతే" అన్నాను. అమ్మ నమ్మింది. చదువుకున్న కొడుకు చెప్పాడు కదా! నేను పి.యు.సి. తప్పాను. కాని తప్పేంత దూరం చదివినవాళ్ళు కూడా ఆ వీధిలో ఇంకెవరూ లేరు.

ఇక మా ఇంటి ఆనవాయితీ. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువుపోగుల వరుస, నేయడం పూర్తయితే, మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టడం. వేల పోగులు. అతుకు కనిపించకూడదు, జారకూడదు. మా ఇంట్లో అది ఆడవాళ్ళ పని. ఆ పని ఎవరు చేస్తే ఇంటి పెత్తనం వాళ్ళది. కొత్త కోడలిని పడుగు ముందు కూర్చోనివ్వాలంటే ముందు ఆమె చెయ్యి చూడాలి. చూసేది చేతిరేఖలు కాదు. కాపురానికి వచ్చిన మొదటి ఆడినెలలో, తమిళనాట విత్తనాలు వేసే అదనులో, ఆమె చేత పెరట్లో సొరగింజ పెట్టిస్తారు. పాదు పాకి పిందె వేస్తే ఆ చేతిలో పోగు నిలుస్తుంది, లేకపోతే నిలవదు. సొరకాయకూ నూలుపోగుకూ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. అడగాల్సిన చదువరిని నేనే. నేనూ అడగలేదు.

వదినది కడంబత్తూరు. వాళ్ళ నాన్న రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు. నేత తెలియని ఇంటి పిల్ల, అది మొదటి నేరం. ఆమె పెట్టిన సొరపాదు చూరుదాకా పాకి, పూత కూడా పట్టింది. ఒక మధ్యాహ్నం వీధిలోని మేక దూరి మొదలంటా మేసేసింది. తప్పు మేకదని ఎవరూ అనలేదు.

"మంచి చెయ్యి అయ్యుంటే మేక ఎందుకొచ్చును?" అని అమ్మ తీర్పు చెప్పింది.

ఆ రోజు నుంచి ఆరేళ్ళు వదినకు కండెలు చుట్టే పనే. రాట్నం తిప్పుతూ చిన్న గొట్టాలకు నూలు చుట్టడం. మా వీధిలో బడి నుంచి వచ్చిన పిల్లలు ఆడుతూ చేసే పని అది. పడుగు అతికే రోజున అమ్మ ఒక్కతే మధ్యాహ్నం దాకా వంగి కూర్చుని నడుం పట్టుకునేది. వదిన గడప బయట నిలబడి చూసేది. గడప దాటమని ఎవరూ అనలేదు.

అప్పుడొచ్చాయి బటర్ పళ్ళు. వదిన వాళ్ళ అన్న లారీ నడిపేవాడు. కొడైకానల్ కొండ మీదికి సరుకు తోలి తిరిగొస్తూ, చెల్లెలిని చూసి పోదామని వచ్చి, మూడు పళ్ళు సంచిలోంచి తీసి తిన్నె మీద పెట్టాడు.

"కొండ మీద టీకొట్టాయన ఇచ్చినాడు. గింజ మొలుస్తాదంట. మొద్దుగా ఉండే పక్క నీళ్ళలో ఉండాల, కొస పైకుండాల. ఎండనియ్యగూడదని మరీమరీ చెప్పినాడు" అన్నాడు.

మొదటి పండు గట్టిగా ఉండగానే అమ్మ మామిడికాయ లెక్కన కోసి పప్పులో వేసింది. ఆ పప్పు కాకరకాయను మించింది. రెండోదాన్ని మెత్తబడ్డాక అన్న ఉప్పూకారం అద్దుకుని నోట్లో పెట్టుకుని, మింగాలా ఉమ్మాలా తేల్చుకోలేక కళ్ళు మూసుకున్నాడు. "సబ్బు నాకినట్టుండాది" అన్నాడు. మూడోదాన్ని వదిన పాలూ చక్కెరా వేసి మెదిపింది. నేను రెండు చెంచాలు తిని, "దీన్ని మనుషులు తింటారా?" అన్నాను. నిజానికి చాలా బాగుంది. ఒప్పుకోవాల్సినవాటిలో అదీ ఒకటి.

మూడు గింజలు మిగిలాయి, ఒక్కొక్కటి కోడిగుడ్డంత. ఏం చేయాలని అమ్మ పైరు డాక్టరును అడిగింది. లారీ డ్రైవరు చెప్పిన మాటను ఎరువుల కొట్టువాడు ఒప్పుకుంటే ఇంకేముంది?

"సొరగింజకు చేసినట్టే. పేడలో బూడిద కలిపి, అందులో పొదిగి, గోడకు కొట్టి బాగా ఎండబెట్టాల. ఎండకుంటే పురుగు పడతాది" అన్నాను.

అమ్మ రెండు గింజల్ని పేడలో పొదిగి దక్షిణపు గోడకు కొట్టింది. మూడోది వదిన ఇవ్వలేదు. దాన్ని కడిగి, పాత గొడుగు కమ్మి ముక్కలు మూడు నడుముకు గుచ్చి, గాజుగ్లాసు అంచుల మీద ఆనేలా వేలాడదీసి, అడుగు మునిగేంత నీళ్ళు పోసి వంటింటి కిటికీలో పెట్టింది. రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చేది.

"ఏం వదినా, గింజకు తలంటు పోస్తా ఉండావా?" అని నేను.

"నీ గింజలు ఎండనీ, నా గింజ నాననీ. చూస్తాం గదా మరిదీ" అని ఆమె.

"సాంబ్రాణి పొగ కూడా వెయ్యి. జలుబు చేస్తాది దానికి."

"నీ నోట్లో వేస్తాను ఆ సాంబ్రాణి. కొంచెంసేపన్నా మూసుకునుంటాది."

అన్న మగ్గంలో కూర్చుని నవ్వేవాడు. ఆయన ఎవరి పక్షమో ఎప్పుడూ తెలిసేది కాదు. నవ్వడం ఒక్కటే ఆయన పక్షం.

పదిహేను రోజుల తర్వాత గోడ మీది పేడముద్దలు పగలగొట్టాం. గింజలు పాత వక్కల్లా ముడుచుకుపోయి, ఊపితే లోపల గలగలమన్నాయి. "ఇది మన నేలకు పడే జాతి కాదు" అన్నాను, ఏ మాత్రం తడబడకుండా. అమ్మ తల ఊపింది. వదిన మాత్రం కిటికీ వైపు చూపించి, "ఇది మొలిస్తే?" అంది.

అమ్మకు ఒళ్ళు మండింది. "వేరొచ్చిందా, ఆయుధపూజ మర్రోజు కొత్త పడుగు నువ్వే అతుకు, పో" అంది. ఎగతాళిగానే అంది. కాని అన్న ముందు అంది, పక్కింటివాళ్ళు వింటుండగా అంది. మా అమ్మ మాట తప్పే మనిషి కాదు.

"దీనికి వేరొస్తే నేను మీసం తీసేసి వీధిలో నడుస్తా" అన్నాను నేను, ఎవరూ అడక్కుండానే. అది వీధంతా పాకింది. మర్నాటి నుంచి రైలుకు పోతుంటే తిన్నెల మీది ముసలివాళ్ళు "మీసం పదిలమా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆయుధపూజ రోజు కొట్టుకు సెలవు. అమ్మ, అన్న, వదిన మగ్గం సామాను పెరట్లో కడుగుతున్నారు. కాఫీ కోసం నేను వంటింట్లోకి వెళ్ళాను. కిటికీలో గ్లాసు యథాలాపంగా చూశాను. గింజ నిలువునా చీలింది. చీలికలోంచి తెల్లటి వేరు ఒక వేలి కణుపు పొడుగున నీళ్ళలోకి దిగింది.

అది చాలా అందంగా ఉండిందని ఇప్పుడు రాయగలను. అప్పుడు నాకు కనిపించింది నా మీసం. మీసం లేని ముఖంతో కరివేపచెట్టు ముందు నిలబడి యూరియా అంటే ఎవరు వింటారు? లారీ డ్రైవరు మాట గెలిచి, పి.యు.సి. దాకా చదివిన నా మాట ఓడిపోవడమా? ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు. ఉంటే చెప్పేవాణ్ణి.

గోటితో వేరు తుంచాను. పుటుక్కున తెగింది, బెండకాయ కొస తెగినట్టు. అప్పుడే అన్నం వార్చిన గంజి గిన్నెలో పొగలు కక్కుతోంది. మళ్ళీ చిగురిస్తుందేమోనన్న భయంతో గింజను ఆ గంజిలో ముంచి, వంద దాకా లెక్కపెట్టి తీసి, చన్నీళ్ళతో కడిగి, కమ్ములు సరిచేసి, ఎలా ఉన్నది అలాగే పెట్టాను. తుంచిన వేరును గంజితో సహా కుడితితొట్టిలో పోశాను. పైరు డాక్టరు జీవితంలో పూర్తిగా ఫలించిన చికిత్స అదొక్కటే.

నాకు తెలియనిది ఏమిటంటే, వేరును వదిన నాకంటే ముందే, తెల్లవారుతూనే చూసింది. చూసి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం పూజలో మగ్గం ముందు పెట్టి చూపించాలనుకుంది.

సాయంత్రం మగ్గానికి గంధం, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించే ముందు వదిన "ఉండత్తా" అని లోపలికి పరుగెత్తింది. గ్లాసును కొంగుతో కప్పి తెచ్చింది. కొంగు తీసింది. తర్వాత ఆమె ముఖం ఎలా మారిందో నేను చూడలేదు. నేను కర్పూరాన్ని చూస్తున్నాను.

"యాడ?" అంది అమ్మ.

"పొద్దున ఉండె అత్తా! నా కండ్లారా చూసినాను. ఇంత పొడుగుండె!"

"ఉండినది యాడికి పోతాదిమే? నడిచి పోయిందా?"

వదిన గింజను ముక్కు దగ్గర పెట్టుకుంది. "గంజి వాసనొస్తా ఉండాది. ఎవరో గంజిలో వేసినారు దీన్ని" అని అమ్మ వైపు చూసింది. ఆ చూపు నా వైపు తిరగలేదు. నేను అంత తెలివైన దుర్మార్గుణ్ణని ఆమె అనుకోలేదు.

"నన్నా చూస్తావు? నేనా చేసినాను?" అని అమ్మ కేకలేసింది. తర్వాత, నిజం తేల్చడానికి, నన్ను పిలిచింది. "రేయ్ చిన్నోడా, నువ్వు చెప్పు. దీనికి వేరొచ్చుండెనా, లేదా?"

గింజను చేతిలోకి తీసుకున్నాను. అలవాటు ప్రకారం తిప్పి చూశాను. అలవాటు ప్రకారం మౌనం పాటించాను.

"లేదు. కుళ్ళినాది. కుళ్ళేటప్పుడు లోపలి నార తెల్లగా బయటికొస్తాది. తెలియనోళ్ళకు వేరుమాదిరి కనబడతాది" అన్నాను.

ఆ ఒక్క మాటతో వదిన చెయ్యే కాదు, నోరూ చెడ్డదైపోయింది. చెయ్యి నిలవదు, పైగా అబద్ధం, పైగా అత్త మీద నింద. ఆమె గింజను పెరట్లో పారేసి, గ్లాసు తోమి బోర్లించింది.

అప్పటి నుంచి అత్తాకోడళ్ళ మధ్య నేరుగా మాటల్లేవు. "ఆమెను ఉప్పు తక్కువ వెయ్యమని చెప్పు" అని అమ్మ, "ఆమెను కొంచెం పక్కకు జరగమని చెప్పు" అని వదిన. ఇద్దరూ మూడు అడుగుల దూరంలోనే ఉండేవారు. మధ్యలో మాటలు మోసే ఉద్యోగం, న్యాయంగా, నాకే దొరికింది. పదేళ్ళు మోశాను. ఇద్దరికీ నా మీద మంచి నమ్మకం. "ఈ ఇంట్లో సుమ్మా నీపాటికి నువ్వుండి, ఎవరి జోలికీ పోని మనిషి నువ్వొక్కడే" అనేది వదిన. అన్నం పెడుతూ అనేది.

రెండేళ్ళకు నాకు పెళ్ళయింది. నా భార్య కూడా నేత తెలియని ఇంటిదే. ఆడినెల రాగానే అమ్మ ఆమె చేత సొరగింజ పెట్టించింది. ఈసారి నేను ఏ అదృష్టానికీ వదల్లేదు. పెరటి చుట్టూ ముళ్ళకంప కట్టాను. కొట్టు నుంచి మంచి ఎరువు పొట్లాల్లో తెచ్చి, ఎవరూ చూడకుండా మొదట్లో వేశాను, ఈసారి యూరియా కాకుండా. సొరకాయలు వీధంతా పంచినా మిగిలాయి. "చెయ్యంటే ఇది" అని అమ్మ మురిసిపోయి చిన్నకోడలిని పడుగు ముందు కూర్చోబెట్టింది. ఆమె మొదటి ఏడాది తెంపిన పోగులకు లెక్కలేదు. ఎవరూ ఏమీ అనలేదు. సొరకాయలు కాశాయి కదా! వదిన కండెలు చుట్టి అందించేది. నా భార్య అతికేది. నేను రెండు పూటలా ఆ దృశ్యం చూస్తూ అన్నం తినేవాణ్ణి, అన్నం బాగానే దిగేది.

ఎనభైల చివర్లో వీధి మొదట్లో పవర్‌లూము షెడ్డు లేచింది. పగలంతా దడదడ. అన్న ఏడాది పాటు పంటి బిగువున లాగి, చివరికి అక్కడే పనికి చేరతానన్నాడు. మగ్గానికి ఇంకొక్క పడుగు ఉంది. అది నేసేశాక గుంట పూడ్చేసి, ఆ గదిలో మంచం వేసుకుందామన్నాడు. ఆయన అప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆఖరి పడుగు ఎత్తిన రోజు ఆదివారం. అమ్మకు అప్పటికి కళ్ళలో పొర, మనిషి నీడ తప్ప కనిపించదు. పడుగు పక్కన పీట వేసుకుని కూర్చుంది. నా భార్య బూడిద పళ్ళెం తెచ్చి, ముందు కూర్చోకుండా, "ఈ ఒక్కసారీ అక్క అతకనీ అత్తా. ఇంక ఎప్పుడూ ఉండదు గదా" అంది. వదిన గడప బయట కండెల బుట్టతో ఉంది.

"ఆ చెయ్యి వద్దు. ఆఖరిది, మంచిగా ముగియనీ" అంది అమ్మ.

వదిన బుట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఇది నేసేశాక ఆ గదిలో ఇంకో పడుగు ఉండదు. ఆమె చెయ్యి మంచిదని చెప్పడానికి ఇంకో రోజు మిగల్లేదు. అది తెలిసి కూడా నోరు మూసుకుని ఉండడం నాకు చేతనవును, పదేళ్ళ సాధన ఉంది. ఎందుకో ఆ రోజు చేతకాలేదు.

"ఆ గింజకు వేరొచ్చినాదిమా" అన్నాను.

"ఏ గింజ?"

"బటర్ పండు గింజ. నేనే తుంచినాను. గంజిలో ముంచింది కూడా నేనే."

అన్న నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. అమ్మ నా గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"ఎందుకురా?"

"మీసం పోతాదని."

"మీసమా?" అంది అమ్మ. "మరి నీ పెండ్లాం సొరపాదు?" అంది. గుడ్డిదైనా పెద్దావిడకు ఎక్కడ వెతకాలో తెలుసు.

"అది నేను కొట్టు నుంచి తెచ్చిన ఎరువు."

నా భార్య బూడిద పళ్ళెం నేల మీద పెట్టేసింది. అమ్మ చేతులు చాచి తడుముకుంటూ, పదేళ్ళ తర్వాత నేరుగా వదినతో మాట్లాడింది. "ఇన్నేండ్లూ నేనే చేసినాననుకుంటా ఉండావా?"

"ఇంకెవరనుకోవాల అత్తా?" అంది వదిన.

అమ్మ పళ్ళెం కోసం తడిమి, దాన్ని గడప వైపు జరిపింది. "రా. వచ్చి కూర్చో."

వదిన బుట్ట దించి లోపలికొచ్చింది. పళ్ళెం ముట్టుకోలేదు. నా ముందు నిలబడి చూపుడువేలు చూపించింది.

"ఎంత పొడుగుండె? చెప్పు."

"ఒక కణుపు" అన్నాను.

"ఆ, అంతే ఉండె. పది సంవత్సరాలు నాకే అనుమానం. కండ్లు మోసం చేసినాయేమోనని." ఆమె గొంతు పెరగలేదు. "సరే, ఇంతసేపూ మీ అమ్మకు చెప్పినావు. నాకేం చెప్పినావు?"

నేను తల వంచుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ముఖం చూసి చెప్పు" అంది. చూశాను.

"వదినా, నువ్వు చూసింది నిజం. నేను చెప్పింది అబద్ధం. నీ చెయ్యి మంచిదని తెలిసీ చెడ్డదన్నాను. అమ్మకూ నీకూ మాటల్లేకుండా చేసినాను. నువ్వు పెట్టిన అన్నం తింటూ పదేండ్లు నోరు తెరవలేదు. తప్పు చేసినాను వదినా. నన్ను క్షమించు."